చిల్లంగి డిటెక్టివ్

ఒక వారపత్రిక ఎడిటర్ నాకు ఫోన్ చేసినప్పుడు నేను విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఆటో కోసం నిలబడి ఉన్నాను. అప్పటికి ఆయన పత్రికలో నావి కొన్ని నేరపరిశోధన కథలు వచ్చాయి. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు రోజుల్లో రాసుకున్నవి.

"ఈసారి సీరియల్ రాయండి మేడమ్," అన్నారాయన. "మీ వైపు చిల్లంగివాళ్ళు ఎక్కువట కదా. ఒక ముసలి మంత్రగత్తె ఉండాలి. జుట్టు విరబోసుకుని, పళ్ళు ఊడిపోయిన నోటితో నవ్వుతుండాలి. చదివేవాడు వణకాలి."

లైన్ తెగిందేమో అనుకుని ఆయన హలో హలో అన్నారు.

"పళ్ళులేని మంత్రగత్తె నాకు తెలుసండీ," అన్నాను. "రాస్తాను."

ఆయన సంతోషించారు. ఆ పళ్ళు రాయి పెట్టి కొడితే ఊడాయనీ, ఆ ముసలామె మా అమ్మకి స్వయానా అక్క అనీ ఆయనకి చెప్పలేదు. ఆటో ఎక్కి కూర్చున్నాను. రెండేళ్ళుగా ఏం చెయ్యాలో తెలియక కడుపులో పెట్టుకు తిరుగుతున్న కోపానికి ఎవరో తలుపు తీసి, రా, ఇటునుంచి వెళ్ళు అన్నట్టయింది.

మా పెద్దమ్మది శ్రీకాకుళంలో బస్సు మారి, ఆ బస్సు దిగాక షేర్ ఆటో ఎక్కితే వచ్చే సముద్రం ఒడ్డు ఊరు. చేపలు పట్టుకుని బతికే ఊరు. మా అమ్మ చదువుకుని టీచరై విజయనగరం వచ్చేసింది. పెద్దమ్మ అక్కడే ఉండిపోయింది. పెద్దనాన్న ఒక తుఫానులో వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లలు లేరు. ఇంటి పక్కనున్న ఇసక దిబ్బ మీద చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్ముకునేది. ఆ దిబ్బకి రెండు వైపుల నుంచీ గాలి తగిలేది. చినుకు పడ్డా నీరు నిలిచేది కాదు. ఊళ్ళో అలాంటి చోటు ఇంకోటి లేదు.

ఆమెకి ఇంకో పని కూడా ఉండేది. పసిపిల్లలు ఊరికే ఏడుస్తుంటే దిష్టి తీసేది. తేలు కుడితే మంత్రం వేసేది. కొత్త పడవ నీళ్ళలో దిగేముందు దాని మూతికి పసుపు రాసి, అమ్మవారి పేరు చెప్పి, ఏదో గొణిగేది. దీనికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పుచ్చుకుంటే మంత్రం పని చెయ్యదని ఆమె నమ్మకం. ఊళ్ళో అందరూ ఆమె చేతికింద ఏదో ఒకరోజు పడుకున్నవాళ్ళే.

రాష్ట్రం రెండు ముక్కలయ్యే ముందు ఏడాది, ఎండాకాలంలో, ఆ ఊళ్ళో ఒక పసిపిల్లకి జ్వరం వచ్చింది. తల్లి పిల్లని పెద్దమ్మ దగ్గరికి తెచ్చింది. పెద్దమ్మ దిష్టి తీసి, "ఇది దిష్టి కాదు తల్లీ, బొట్టెకి ఒళ్ళు కాలిపోతన్నాది, ఆస్పత్రికి అట్టుకెళ్ళిపో," అంది. వాళ్ళు ఒక పూట ఆలస్యం చేశారు. శ్రీకాకుళం చేరేలోగా ఆటోలోనే పిల్ల పోయింది.

అప్పుడు మాట్లాడినవాడు మా పెద్దనాన్నకి తమ్ముడి వరస. నాకు చిన్నాన్న అవుతాడు. సొంత పడవ ఉంది. భుజం మీద ఎప్పుడూ పొందూరు కండువా. ఎవరి మీదైనా ఏదైనా అనాలంటే, "నాకేటీ తెల్దు గానీ," అని మొదలుపెట్టేవాడు. ఆ మాట వెనక వచ్చేదాన్ని ఊరు నమ్మేది, ఎందుకంటే తెలియదని ముందే ఒప్పుకున్నాడు కదా. పెద్దమ్మ దిబ్బ మీద అతనికి చాలా కాలంగా కన్ను. ఐసు పెట్టెలు పెట్టుకోవడానికి ఇమ్మని అడిగాడు. పెద్దమ్మ ఇవ్వనంది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఇవ్వనంది.

పిల్లని పూడ్చిపెట్టి వచ్చాక అతను ఆ పిల్ల ఇంటి ముందు నిలబడి, "నాకేటీ తెల్దు గానీ, ఓసారి మీ గడప కింద సూసుకోండి," అన్నాడట. గునపం తనే తెచ్చాడు. గడప ఎడమ చివర ఒక్క పోటు పొడిచాడు. చిన్న గుడ్డ మూట బయటికి వచ్చింది. లోపల నిమ్మకాయ, పసుపు కొమ్ము, కొంత జుట్టు. ఊళ్ళో మంత్రాలు వచ్చినది పెద్దమ్మ ఒక్కతే.

చిల్లంగి అంటే మా వైపు చేతబడి. చేసేదాన్ని కూడా చిల్లంగి అనే అంటారు. పళ్ళుంటేనే మంత్రం సరిగ్గా పలుకుతుందనీ, పళ్ళు తీసేస్తే చిల్లంగి చచ్చుబడుతుందనీ ఒక నమ్మకం. పెద్దమ్మ దిబ్బ మీద చేపలు తిరగేస్తుండగా ఊరివాళ్ళు ఆ మూట పట్టుకుని వచ్చారు. ఒక చెయ్యి ఎవరో మగవాడు పట్టుకున్నాడు. రెండో చెయ్యి పిల్లని పోగొట్టుకున్న తల్లి పట్టుకుంది. రాయి చిన్నాన్న చేతిలో ఉంది. మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా.

నేనూ మా అమ్మా శ్రీకాకుళం ఆసుపత్రికి చేరేసరికి ఆమె నోటి నిండా దూది కుక్కి ఉంది. పోలీసులు ఊరికి వెళ్ళి అడిగితే ఎవరూ ఏమీ చూడలేదన్నారు. ఆ పూట ఊరు మొత్తం సముద్రం మీదికి వేటకి పోయిందట, ఆడవాళ్ళతో సహా. మా మాట రాసుకోవడానికి వచ్చిన ఎస్.ఐ. నన్ను వరండాలోకి పిలిచి గొంతు తగ్గించి, "నిజం చెప్పండి మేడమ్, ఆవిడకి ఏమైనా విద్య ఉందా?" అని అడిగాడు. చదువుకున్నవాడు. ఆ అడగడంలో భయం కన్నా సరదా ఎక్కువ ఉంది. చిన్నాన్నని ఎంత అసహ్యించుకున్నానో ఆ క్షణంలో అతన్నీ అంత అసహ్యించుకున్నాను.

రెండు రోజులకి పెద్దమ్మ మాట కూడబలుక్కుని మొదట అన్నది, "జుట్టు నల్లగున్నాది," అని.

నాకు అర్థం కాలేదు. ఆమె తన తల మీద చెయ్యి పెట్టుకుంది. ఒక్క నల్ల వెంట్రుక లేని తల.

"మూటలో జుట్టు నల్లగున్నాది. సూడు నా జుట్టు. ఒక్కరూ సూడలేదు."

మా దగ్గర ఉండిపొమ్మని అమ్మ బతిమాలింది. పెద్దమ్మ వినలేదు. "నాను ఎళ్ళకపోతే దిబ్బ ఆడిదైపోతాది," అని నోరు మానగానే వెళ్ళిపోయింది. అప్పటికే సగం దిబ్బ మీద అతని వలలు ఆరేసి ఉన్నాయట. వాటిని మడిచి, అతని పడవ దగ్గర పడేసి వచ్చి, తన చేపలు పరుచుకుంది. అతను మళ్ళీ వలలు పరచలేదు. కానీ ఆ ఊళ్ళో ఆమె చేతి నీళ్ళు తాగేవాళ్ళు లేకుండా పోయారు. ఆమె ఎండబెట్టిన చేపలు ఊరివాళ్ళెవరూ కొనలేదు. తెల్లారి మొదటి ఆటోకి గంప ఎత్తుకుని, ఆమెని ఎరగని సంతలకి పోయేది.

నేను చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో క్షుద్రపూజల నవలలన్నీ నమిలేసినదాన్ని. అన్నిట్లో ముసలిది ఒకతే. పుర్రె, పిల్లి, శ్మశానం. చివర్లో హీరో దాన్ని చంపితే మనం పుస్తకం మూసి హాయిగా నిద్రపోతాం. ఆ ఎస్.ఐ. నా పక్క బెంచీలో కూర్చుని అవే పుస్తకాలు చదివి ఉంటాడనిపించింది. తరవాత ఫోన్‌లో ఇంగ్లీషు పుస్తకాలు చదవడం అలవాటయ్యాక ఇంకో రకం కథలు దొరికాయి. కోజీ మిస్టరీలంటారు. చిన్న ఊరు, అందరికీ అందరూ తెలుసు, నేరం జరుగుతుంది కానీ రక్తం కనబడదు. వంటలుంటాయి, టీ ఉంటుంది. పట్టుకునేది పోలీసు కాదు, పక్కింటి ఆడది. కొన్నిట్లో ఆ ఆడది మంత్రగత్తె. ఆకులూ వేర్లూ తెలిసినది, ఊరివాళ్ళకి మందిచ్చేది, నలుగురి గుట్టూ తెలిసినా నోరు జారనిది. ఎవరూ ఆమె పళ్ళు రాలగొట్టరు. అవి చదువుతూ నేను ఏడ్చిన సందర్భాలున్నాయి. హాయిగా చదువుకోమని రాసిన పుస్తకాలు చదివి ఏడ్చేదాన్ని నేనొక్కదాన్నేనేమో.

కాబట్టి సీరియల్ రాయడం మొదలుపెట్టినప్పుడు నాకు రెండు కోరికలు. ముసలామెని గెలిపించాలి. చిన్నాన్నని పట్టించాలి. పిల్ల చావుని కథలోకి తేలేదు. అది ఆ తల్లిది. బదులు, సముద్రం ఒడ్డు ఊళ్ళో అమ్మవారి వెండి కళ్ళు పోతాయి. ఊరు ఒక చిల్లంగి ముసలిదాన్ని అనుమానిస్తుంది. ఆ ముసలిది తన చేపల గంప పక్కన కూర్చునే, ఒక్కొక్కర్నీ ఒక్కొక్క మాట అడుగుతూ దొంగని పట్టుకుంటుంది. దొంగకి పొందూరు కండువా ఇచ్చాను. సొంత పడవ ఇచ్చాను. నోరు తెరిస్తే, "నాకేటీ తెల్దు గానీ," అనిపించాను. పేరు మాత్రం వేరే పెట్టాను.

మొదటి మూడు భాగాలు పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె దిబ్బ మీద చేపలు తిరగేస్తూ వింది. నేను చదవడం ఆపాక కూడా తిరగేస్తూనే ఉంది.

"బాగులేదా?" అన్నాను.

"బాగానే ఉన్నాది. ఈవిడెవరు?"

"నువ్వే కదా."

"నాను కాదు. ఈవిడికి మంత్రాలు రావని రాసేవు. దిష్టీ లేదు గిష్టీ లేదు, అంతా ఒట్టిదని ఈవిడే సెప్తన్నాది. నాకు తేలు మంత్రం వచ్చును కదే. మీ అమ్మకి వేసేను. నీకూ వేసేను."

"పెద్దమ్మా, మంత్రం వచ్చని రాస్తే చదివేవాళ్ళు మళ్ళీ చిల్లంగి అంటారు."

"అననీ. మంత్రం వచ్చినంత మాత్రాన పళ్ళు రాల్గొడతారా? రాదు కాబట్టి మంచిదని రాస్తే, వచ్చినోళ్ళని కొట్టొచ్చని సెప్పినట్టు కాదా?"

ఆమె చేపని తిరగేసి మళ్ళీ అంది, "నన్ను మంచిదాన్ని సెయ్యకు. నన్ను నాలాగ రాయి. నాకు కోపం వస్తాది. ఈవిడికి కోపమే రాలేదు."

ఇంటికొచ్చి మూడు భాగాలూ చింపి మళ్ళీ రాశాను. ఈసారి ముసలామె తేలు మంత్రం వేసింది. పడవ మూతికి పసుపు రాసింది. అమ్మవారితో దెబ్బలాడింది, నీ కళ్ళు నువ్వే కాసుకోలేకపోతే ఊరినేటి కాస్తావని. మంత్రం పని చేసిందో లేదో నేను రాయలేదు. తేలు కుట్టినవాడు బతికాడని మాత్రం రాశాను. ఆమె దొంగని ఊరికే పట్టుకోదు, ఆడిస్తూ పట్టుకుంటుంది. రాస్తున్నంతసేపూ నాకు మహా సుఖంగా ఉండేది. అతన్ని ఒక్కో వారం ఒక్కో అంగుళం లాగుతున్నట్టుండేది.

మొదటి వారం పత్రిక చూస్తే బొమ్మలో పుర్రె ఉంది. విరబోసిన జుట్టు, ఎర్రటి కళ్ళు. ఎడిటర్‌కి ఫోన్ చేసి, బొమ్మ మార్చకపోతే మిగతా భాగాలు పంపనన్నాను. "మంత్రగత్తె అంటే ఇలాగే వెయ్యాలి కదా మేడమ్," అన్నారు. దిబ్బ మీద కూర్చున్న పెద్దమ్మ ఫోటో పంపాను. వారం తరవాత బొమ్మ మారింది. గంప, మడత నలిగిన చీర, ముడి వేసిన తెల్లజుట్టు, ఎండకి సగం మూసిన కళ్ళు. ఆర్టిస్టు ఆమెని మూసిన నోటితో వేశాడు. నోరు తెరిచి వెయ్యమని మళ్ళీ ఫోన్ చేశాను.

ఆ పత్రిక పెద్దమ్మ ఊరి టీ దుకాణానికి వచ్చేది. దుకాణం నడిపే ఆవిడ పదో తరగతి దాకా చదువుకుంది. పడవలు ఒడ్డుకొచ్చే లోపు చేపల కోసం కాచుకుని కూర్చునే ఆడవాళ్ళకి ఆవిడే పైకి చదివి వినిపించేది. మొదటి వారం వాళ్ళు కథ విన్నారు. రెండో వారం దొంగ నోరు తెరిచి, "నాకేటీ తెల్దు గానీ," అనగానే ఒకావిడ ఫక్కున నవ్విందట. మూడో వారానికి ఊళ్ళో పిల్లలు కూడా అనడం మొదలుపెట్టారు. చిన్నాన్న వలల దగ్గరికి వస్తే చాలు, వెనక నుంచి ఎవరో ఒకరు గొంతు మార్చి ఆ మాట అనేవారు. ఇదంతా దుకాణం ఆవిడ నాకు ఫోన్ చేసి చెప్పేది. నేను ఒకటికి రెండుసార్లు చెప్పించుకునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున్న అతను విజయనగరంలో మా ఇంటికే వచ్చాడు. కండువా సర్దుకుని కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి, వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఏటమ్మీ, నా మీద రాస్తన్నావంట," అన్నాడు.

"దొంగ మీద రాస్తున్నాను చిన్నాన్నా."

"ఆ దొంగ నాలాగే మాటాడతన్నాడంట."

"ఏమని?"

"నాకేటీ," అని ఆగిపోయాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అతని మొహం ఎర్రబడింది. "ఊళ్ళో పిల్లా గుంటా నన్ను సూసి నవ్వుతన్నారు. మా మనవరాలు కూడా నవ్వుతన్నాది. నాను కోర్టుకెళ్తాను."

"వెళ్ళండి. ఆ దొంగ మీరేనని ఎలా తెలిసిందని అక్కడ అడుగుతారు. చెప్పండి. అయినా తొందరపడకండి, కథ సగంలోనే ఉంది. మూట సంగతి ఇంకా రాలేదు."

"ఏ మూట?"

అతను అడిగిన తీరులోనే నాకు కావలసింది దొరికింది. అప్పటిదాకా జుట్టు నల్లగా ఉందన్న ఒక్క మాట మీదే నేను అతన్ని అనుమానించాను. ఇప్పుడు మొహంలో నెత్తురు లేదు. చెయ్యి కండువా చివర పట్టుకుని నులుముతోంది.

"పత్రికలో వస్తుంది," అన్నాను. "చదివించుకోండి."

నీళ్ళు ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం ఎంత రుచిగా అనిపించిందో చెప్పలేను.

మూట భాగం రాయడానికి ఎక్కువ రోజులు పట్టింది. అందులో దొంగ గుడి గడప కింద నుంచి మూట తవ్వి తీస్తే, ముసలామె ఊరందరి ముందూ రెండే ప్రశ్నలు అడుగుతుంది. "మూటలో జుట్టు నల్లగున్నాది, నా తల తెల్లగున్నాది. ఇది ఎవరి తల్లోది? గడప ఇంత పొడుగున్నాది, ఈడు ఒక్క పోటే పొడిసేడు. ఎక్కడ పొడవాలో ఈడికెవరు సెప్పేరు?" అంతే. ఇందులో తెలివి ఏమీ లేదు. ఆ రోజు అక్కడున్న ఎవరైనా అడిగి ఉండొచ్చు.

టీ దుకాణం ఆవిడ ఆ భాగం కూడా చదివి వినిపించింది. పిల్లని పోగొట్టుకున్న తల్లి అక్కడే కూర్చుని ఉంది. చదవడం పూర్తయ్యాక, ఆ ముక్క మళ్ళీ చదవమని అడిగింది. మళ్ళీ విని, లేచి, వలలు బాగుచేసుకుంటున్న చిన్నాన్న దగ్గరికి నడిచింది. మిగతావాళ్ళు వెనకాలే వెళ్ళారు.

"మావా," అంది. "మా గడప కింద ఎక్కడ పొడవాలో నీకెవరు సెప్పేరు?"

అతను అలవాటు కొద్దీ, "నాకేటీ తెల్దు గానీ," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె అతని గుమ్మం ముందు నిలబడి అదే అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. అరవలేదు, తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అదే ప్రశ్న అడిగి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయేది. చివరికి ఒకరోజు అతని పెళ్ళామే గుమ్మంలోకి వచ్చి కూలబడిపోయింది. "నా జుట్టే," అంది. "దువ్వెనలో జుట్టు అట్టుకెళ్ళేడు. ఎందుకని అడిగితే సెప్పలేదు. మర్నాడు నాకు తెలిసినాది. నాను నోరు మూసుకున్నాను."

ఊరి పెద్దలు పెద్దమ్మ దిబ్బ దగ్గరికి వచ్చారు. అప్పటికి నేనూ అమ్మా అక్కడికి చేరాం. ఇప్పుడైనా సాక్ష్యం చెప్పమని, కేసు తిరగతోడిద్దామని నేను గట్టిగా అన్నాను. నిజానికి నాకు కేసు మీద పెద్ద ఆశ లేదు. ఒక రాయి తెచ్చి పెద్దమ్మ చేతికిచ్చి, వాణ్ణి ఆమె ముందు కూర్చోబెట్టాలని ఉంది. పెద్దల్లో ఒకాయన, "నీకేటి కావాలో సెప్పు. ఊరు ఇస్తాది," అన్నాడు.

పెద్దమ్మ తొందరపడలేదు. చేపలు తిరగెయ్యడం అయిపోయాక చేతులు కడుక్కుని అప్పుడు చెప్పింది.

"ఆడు నా ఇంట అన్నం తినాలి. పగలు. అందరూ సూడాలి. ఆడు తిన్నాక మీరూ తినాలి. సెయ్యి అట్టుకున్నోళ్ళూ, సూసినోళ్ళూ, అందరూ."

అంతేనా అనిపించింది నాకు. మొహం మీద చాచి కొట్టే అవకాశాన్ని ఒక పూట అన్నంతో సరిపెడుతోందని మండిపోయాను. అతను వచ్చి ఆకు ముందు కూర్చున్నాక కానీ ఆమె ఏం అడిగిందో నాకు తెలియలేదు.

చిల్లంగి అని ఊరికి చెప్పి చెప్పి, ఈ రెండేళ్ళలో అతనే నమ్మేశాడు. తాను అబద్ధమాడి చిల్లంగిని చేసిన ఆడదాని చేతి కూడు ఇప్పుడు తాను తినాలి. పెద్దమ్మ అన్నం వడ్డించింది. ఎర్రటి చేపల పులుసు, ఒక పెద్ద ముక్కతో సహా, దగ్గరగా వంగి పోసింది. అతను ఆకు కేసి చూస్తున్నాడు. చెయ్యి కదలడం లేదు. ఊరంతా దిబ్బ చుట్టూ నిలబడి ఉంది.

"తిను మరిదీ," అంది పెద్దమ్మ. "ముళ్ళు సూసుకుని తిను."

ఒక ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు. మింగుడు పడలేదు. చెమట మెడ మీదుగా కండువాలోకి కారుతోంది. పెద్దమ్మ ఎదురుగా చతికిలబడి, అతని నోటి వైపే చూస్తూ కూర్చుంది. చూస్తూ ఒకసారి నవ్వింది, నోరు బాగా తెరిచి. ముందు పళ్ళ జాగాలో ఉన్న ఖాళీ అతనికి పూర్తిగా కనబడేలా. ఎడిటర్‌గారు అడిగిన నవ్వు అదే అయ్యుండాలి. అతను కళ్ళు మూసుకుని మింగాడు.

ఆకు ఖాళీ అయ్యేదాకా ఆమె లేవనివ్వలేదు. మారు వడ్డించింది. తరవాత పెద్దలు కూర్చున్నారు, తరవాత మిగతావాళ్ళు. పిల్ల తల్లి అందరికన్నా చివర వచ్చి కూర్చుంది. పెద్దమ్మ ఆమెకీ వడ్డించింది. ఆమె తినకుండా, "అమ్మా, నీ సెయ్యి నాను అట్టుకున్నాను," అని ఏడ్చింది.

"తెలుసు," అంది పెద్దమ్మ. "ఇంకా నొప్పెడతాది. తిను."

క్షమించానని అనలేదు. ఇప్పటికీ అనలేదని నాకు తెలుసు. ఆ తల్లి మాత్రం మర్నాటి నుంచి పొద్దున్నే దిబ్బ మీదికి వచ్చి, అడక్కుండానే చేపలు పరచడం మొదలుపెట్టింది. ఇద్దరూ పక్కపక్కనే పని చేసుకునేవారు. మాటలు తక్కువ.

ఆ సాయంత్రమే చిన్నాన్నకి వాంతులు పట్టుకున్నాయి. శ్రీకాకుళంలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పరీక్షలన్నీ చేసి, ఏమీ లేదు పొమ్మన్నారు. అతనికి నమ్మకం కలగలేదు. ఇంకో ఆసుపత్రికి వెళ్ళాడు. వాళ్ళూ అదే చెప్పారు. అదే పులుసు ఊరందరూ తిన్నారు, ఎవరికీ తుమ్ము కూడా రాలేదు. అతను మాత్రం తిండి మానేసి, చిక్కి సగమయ్యాడు. కొన్నాళ్ళకి పడవ అల్లుడికి అప్పగించి, కూతురి ఊరు వెళ్ళిపోయాడు. పెళ్ళాం వెంట వెళ్ళలేదు.

నేను పెద్దమ్మని అడగకుండా ఉండలేకపోయాను. "నిజం చెప్పు. పులుసులో ఏమైనా కలిపావా?"

"సింతపండు కలిపేను," అంది. "ఉప్పు కొంచెం ఎక్కువైనాది."

సీరియల్ అయిపోయాక పత్రికకి ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది ముసలామెని మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఒకాయన మాత్రం, చదువుకున్న రచయిత్రి తేలు మంత్రాన్ని గౌరవంగా రాసి మూఢనమ్మకాలు పెంచుతోందని మండిపడ్డాడు. ఆ ఉత్తరాన్ని పెద్దమ్మకి చదివి వినిపించాను. "ఈయన్ని తేలు కుట్టలేదు కాబోలు," అంది. నేను ఆయనకి జవాబు రాశాను, తేలు కుడితే ఆసుపత్రికే వెళ్ళమని మా ముసలామె కూడా చెబుతుందనీ, మందు వచ్చేలోగా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి గొణిగే మనిషి ఊరికి అవసరమనీ, ఆ మనిషి పళ్ళు రాలగొట్టడాన్ని మూఢనమ్మకం అనరనీ, దానికి వేరే పేరుందనీ. ఎడిటర్‌గారు ఆ జవాబు వేశారు. అందులో ఆ నేరానికి నేను వాడిన పేరు మాత్రం తీసేశారు.

రెండో సీరియల్‌లో కూడా దొంగకి పొందూరు కండువా ఇచ్చాను. పెద్దమ్మ వినగానే కనిపెట్టింది.

"మళ్ళీ ఆడేనా? ఆడికి అయిపోనాది కదే. ఇంక ఆణ్ణి ఒగ్గీ."

"నీకు అయిపోయిందేమో. నాకు కాలేదు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. మంచి చెబుతుందేమో అనుకున్నాను. ఆమె గంప సర్దుకోవడంలో పడింది. ఆ దూది కుక్కిన నోరు ఇప్పటికీ నాకు కలలోకి వస్తుందని ఆమెతో ఎప్పుడూ అనలేదు. అయినా ఆమెకి తెలుసనుకుంటాను.

మూడో కథకి ఎడిటర్‌గారు ఈసారి దొంగతనం చాలదు, శవం ఉండాలన్నారు. ఎవరిని చంపాలా అని నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది. మొదటి భాగం రాసుకుని పెద్దమ్మ ఊరు వెళ్ళాను. అందులో, కండువా మెడకి చుట్టుకున్న శవం, తెల్లారగానే రేవులో పడవల మధ్య తేలుతుంది. పెద్దమ్మ చేపలు తిరగెయ్యడం ఆపి, చివరిదాకా శ్రద్ధగా వింది.

"రేవులో వొద్దు," అంది. "శవం తేలిన రేవులో సేపలు ఎవరు కొంటారు? ఎక్కడికైనా మార్చు."

ఐసు ఫ్యాక్టరీ వెనక్కి మార్చాను.